నీళ్లు నమిలే ఉద్యోగం

నీళ్లు నమలకుండా చెప్పమంటారు ఎవరైనా.
నాకు జీతం ఇచ్చేదే నీళ్లు నమిలినందుకు.

ఆటోనగర్‌లో రెండో అంతస్తు, ఎర్ర దీపం గది.
రంగు చూసి నాలుక మోసపోకూడదని ఆ దీపం.
నంబర్లు వేసిన చిన్న కప్పులు
గోడకున్న కిటికీలోంచి లోపలికొస్తాయి.
గుక్క పట్టు, బుగ్గల్లో తిప్పు, ఉమ్మెయ్యి.
ఉప్పులేని బిస్కెట్టు సగం, గోరువెచ్చని నీళ్లు,
మళ్లీ మొదలు.
పదకొండేళ్లలో నేను మింగింది తక్కువ.

పొద్దున ఇన్‌స్టంట్ కాఫీ, ఎనిమిది రకాలు.
417: మాడిన రొట్టె, వెనకాల కొంచెం రబ్బరు. ఆరు మార్కులు.
582: మొదటి గుక్కకి అల్లుడు, మూడో గుక్కకి అప్పులవాడు.
ఈ మాట రాసి కొట్టేశాను, ఫారంలో పట్టదు.
అరకు కొండ దిగిన గింజ
ఘాట్ రోడ్డు లారీలో మన ఊరు దాటిపోయి
ఎక్కడో పొడై, చక్కెరతో వియ్యమంది
రెండ్రూపాయల సాషేలో తిరిగొచ్చిందేమో.
అడిగితే చెప్పదు.

మధ్యాహ్నం, పేరుకి మామిడి రసం.
తర్వాత లిచీ నీళ్లు, దోసకాయ పుదీనా నీళ్లు.
'తాజాదనం' అనే గడి దగ్గర
రోజూ పెన్ను ఆగుతుంది.
కొత్త షాంపూ మూత తీసినా ఇలాగే ఉంటుంది కదా.

కప్పులు కడిగే ఎర్నమ్మది కంచరపాలెం.
మిగిలింది పారబొయ్యదు,
ఒక్కో గుక్క తాగి మరీ కడుగుతుంది.
417కి: "రేత్రి డూటీ దిగిన మొగుడి నాగుంది బావూ,
లెగిసుంటాడు గానీ మెలకువుండదు."
లిచీకి: "పెల్లింట్లో సెంటు సీసా ఒలికిన నీల్లు."
ఎనర్జీ డ్రింకుని ముక్కు దాకా తెచ్చి దించేసింది.
"మా గుంటడు ఇదే తాగీసుంటాడు,
మొన్న పోర్టు గోడెక్కీసినాడు."

ఏ రుచీ కలపని కప్పు కూడా ఒకటి పంపుతారు,
మేం కునుకు తియ్యలేదని తెలుసుకోడానికి.
ఆ రోజు దాని నంబరు 609.
రుచి: లేదు. వాసన: లేదు. వ్యాఖ్య: లేదు.
నేను ఇంతే రాశాను.

ఎర్నమ్మ తాగింది. పీచు పక్కన పెట్టింది.
"ఇయి తాటిపూడి నీల్లు కావు.
తాటిపూడియి సప్పగుండి, సివర్న ఇనపముక్క తగుల్తాది.
ముడసర్లోవయి మెత్తగుంటాయి.
ఇయి మేగాద్రిగెడ్డయి.
కొత్త కుండ తడిసినట్టు లేదేటి?"

అరవై లక్షల వడపోత యంత్రం గురించి చెప్పాను.
"ఉంటే ఉండనీ. ఇరవయ్యేల్లు
ఈది కుళాయి కాడ బిందెట్టుకు నిలబడినాను.
ఏ లైను ఇప్పినారో నాలికే సెప్పీది.
మరి మీకేటనిపించింది?"

నేను నీళ్లు నమిలాను.

కిందికెళ్లి పంపు దగ్గర అప్పలసూరిని అడిగాను.
బీడీ తీసి అన్నాడు:
"తాటిపూడి పైపు పగిలింది సార్,
నాలుగ్రోజులై మేఘాద్రిగెడ్డే. ఏం, తేడాగా ఉందా?"

తేడాగా లేదు. అదే నా బాధ.
పైకొచ్చి ఇంకో కప్పు పట్టుకుని,
దీపం ఆర్పి, కళ్లు మూసుకుని తిప్పాను.
కుండ తగిలినట్టే ఉంది.
తగిలింది కుండో, ఆవిడ మాటో తేలలేదు.
ఫారం అప్పటికే పైకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఎన్ఏడీ దగ్గర
సింహాచలం బస్సు కోసం నిలబడి
నీళ్ల పాకెట్టు కొని మూల కొరికాను.
ముందు ప్లాస్టిక్కు. తర్వాత ఎండ.
అలవాటుగా ఉమ్మడానికి చోటు వెతికాను.
పక్కన ఒకాయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.
బస్సొచ్చింది.
నోట్లో నీళ్లతోనే ఎక్కి,
కండక్టరు ఎక్కడికని అడిగితే
మింగాను.